కాంతి తోపు – అద్దం కుదుపు

పోయిన నెల మా వూళ్ళో ఒక పుస్తకం మీద చర్చ జరిగింది. సభ ముగిసి అందరం టీ తాగుతుంటే ఒక కవిమిత్రుడు నన్ను పక్కకు పిలిచాడు. "మాస్టారూ, మీ ఫిజిక్సే ఇప్పుడు మాయావాదం చెప్తోంది కదండీ! చూసేవాడు లేకపోతే వస్తువు లేదట. మనం చూడటంవల్లే వస్తువు మారిపోతుందట. ఇంక మీ భౌతికవాదం ఎక్కడ నిలబడుతుంది?" అన్నాడు.

ఆయన వేళాకోళానికి అనలేదు. ఎక్కడో చదివాడు. అలాంటి పుస్తకాలు ఈ రోజుల్లో ప్రతి రైల్వేస్టేషన్ పుస్తకాల బండిమీదా దొరుకుతున్నాయి. అట్టమీద క్వాంటం, లోపల ధ్యానం. నేను అప్పటికప్పుడు రెండు మాటలు చెప్పాను గాని అవి ఆయనకు చాలలేదు. నిజానికి నాకూ చాలలేదు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో కాంతిశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. కాంతి ఎలా వంగుతుందో, ఎలా విడిపోతుందో చెప్పాను గాని, కాంతి ఒక వస్తువును ఎలా తోస్తుందో ఎన్నడూ అరగంటపాటు చెప్పలేదు. సిలబస్‌లో అది ఒకే ఒక్క పేరా. మిత్రుడి ప్రశ్నకు జవాబు ఆ పేరాలోనే వుంది.

చూడటమంటే ఏమిటి? వస్తువుమీద కాంతి పడాలి, పడి తిరిగి రావాలి. కన్నయినా కెమెరా అయినా అంతే. చూపు అనేది కంట్లోంచి బయలుదేరి వస్తువును తాకే సూక్ష్మమైన శక్తి అని పూర్వం కొందరనుకున్నారు. అలాంటిదేమీ లేదు. వెళ్ళి తాకేది కాంతి. తాకినప్పుడు అది వస్తువును తోస్తుందా? తోస్తే ఎంత? ప్రశ్న ఇదీ.

తోస్తుంది. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కుకే ఎందుకు తిరిగివుంటుందో ఆలోచించి, సూర్యకిరణాలే దాన్ని తోస్తున్నాయని 1619లో కెప్లర్ రాశాడు. (తోకలోని ధూళి విషయంలో ఆయన మాట నిజమే. వాయువుతో ఏర్పడే రెండో తోకను తోసేది సూర్యుడినుంచి వచ్చే విద్యుత్కణాల గాలి.) 1873లో మాక్స్‌వెల్ తన విద్యుదయస్కాంత సిద్ధాంతంనుంచి ఈ తోపు ఎంత వుండాలో లెక్కకట్టాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒక చదరపు మీటరు అద్దాన్ని పెడితే దానిమీద కాంతి వేసే బరువు ఒక మిల్లీగ్రాముకన్నా తక్కువ. అంటే ఒక నువ్వుగింజ బరువులో నాలుగోవంతో ఏమో. ఎండలో నడిచేవాడికి చెమట పడుతుంది గాని తోపు తెలియదు.

ఇంత చిన్న బలాన్ని కొలవటం మాటలు కాదు. ఆ 1873లోనే ఇంగ్లండులో క్రూక్స్ ఒక బొమ్మ చేశాడు. గాలి తీసేసిన గాజుబుడ్డిలో నాలుగు రెక్కలు. ప్రతి రెక్కకూ ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. ఎండ తగిలితే గిరగిరా తిరుగుతుంది. కాంతి తోపును కంటితో చూస్తున్నామని చాలామంది సంబరపడ్డారు. కాని అది తిరగవలసిన దిక్కుకు కాకుండా ఎదురుదిక్కుకు తిరుగుతోంది! కాంతిని వెనక్కి కొట్టే తెల్లవైపుమీద తోపు ఎక్కువ వుండాలి. బొమ్మలో వెనక్కి జరుగుతున్నది నల్లవైపు. బుడ్డిలో మిగిలిపోయిన కాస్త గాలి, నల్లవైపు దగ్గర వేడెక్కి చేస్తున్న పని అది. మా కాలేజీ ప్రయోగశాలలో కూడా ఆ బొమ్మ వొకటి వుండేది. కాంతి తోపుకు రుజువంటూ దాన్ని పిల్లలకు చూపించిన పెద్దలు వున్నారు. మొదటి ఏడాది నేనూ చూపించాను.

ఆ గాలి గొడవనుంచి కాంతి తోపును విడదీసిన మనిషి మాస్కోలోని పీటర్ లెబెదెవ్. ఆయన చేసింది పెద్ద యంత్రం కాదు. గాజుబుడ్డిలో సన్నటి పోగుకు వేలాడదీసిన, అర సెంటీమీటరు వెడల్పున్న పల్చటి లోహపు బిళ్ళలు. వాటిమీద ఆర్క్ దీపం కాంతి వేస్తే పోగు ఎంత మెలి తిరిగిందో చూడాలి. కష్టమంతా గాలిని వదిలించుకోవటంలోనే వుంది. బుడ్డిలో పాదరసపు బొట్టు వేసి, దాన్ని వేడిచేసి, ఆ ఆవిరితో లోపలి గాలిని వూడ్చేసి, తర్వాత చల్లబరిచి ఆ ఆవిరిని గడ్డకట్టించాడు. బిళ్ళకు ఒకసారి ఈవైపునుంచీ ఒకసారి ఆవైపునుంచీ కాంతి వేశాడు. మందం బిళ్ళలూ పల్చటి బిళ్ళలూ పోల్చాడు, ఎందుకంటే వేడివల్ల వచ్చే తోపు మందాన్నిబట్టి మారుతుంది, కాంతి తోపు మారదు. 1900లో పారిస్ మహాసభలో తన ఫలితం చెప్పాడు, 1901లో అచ్చువేశాడు. మాక్స్‌వెల్ లెక్క సరిపోయింది. అమెరికాలో నికోల్స్, హల్ అనే ఇద్దరు కూడా అదే సమయంలో వేరుగా కొలిచి అదే చెప్పారు. మాక్స్‌వెల్ చెప్పిన కాంతి పీడనాన్ని జీవితమంతా ఒప్పుకోని కెల్విన్ ప్రభువు, లెబెదెవ్ ప్రయోగం ముందు తాను లొంగిపోక తప్పలేదని తిమిర్యాజెవ్‌తో అన్నాడట.

లెబెదెవ్ కథ ఇక్కడితో ఆపితే న్యాయం కాదు. 1911లో జార్ ప్రభుత్వపు విద్యామంత్రి కాసో, మాస్కో విశ్వవిద్యాలయంలోకి పోలీసులను పంపాడు. విద్యార్థుల సభలను అణచటం కోసం. విశ్వవిద్యాలయాధిపతి రాజీనామా చేశాడు. ఆయనకు తోడుగా వందమందికి పైగా అధ్యాపకులు వదిలి వచ్చేశారు. వారిలో లెబెదెవ్ ఒకడు. అప్పటికే గుండెజబ్బు మనిషి. వదిలింది జీతాన్నే కాదు, సంవత్సరాలపాటు చేత్తో కట్టుకున్న ప్రయోగశాలనూ, తన చుట్టూ చేరిన శిష్యబృందాన్నీ. స్వీడన్‌నుంచి మంచి ఆహ్వానం వచ్చినా పోలేదు. చందాలతో ఒక ప్రైవేటు ఇంటి నేలమాళిగలో మళ్ళీ పరికరాలు అమర్చుకున్నాడు. మరుసటి ఏడాది మార్చిలో, 46వ ఏట, చనిపోయాడు. కాంతి ఒక బిళ్ళను తోస్తుందా లేదా అనేది రాజకీయాలకు అతీతమైన ప్రశ్నే. ఆ ప్రశ్న అడగటానికి ఒక గది, ఒక దీపం, నలుగురు శిష్యులు వుండటం మాత్రం రాజకీయాలకు అతీతం కాదు.

మన దేశంలో కూడా ఈ దారిలో ఒక అడుగు పడింది. ఢాకా దగ్గర ఒక పల్లెలో చిల్లరకొట్టు నడిపే కుటుంబంలో పుట్టిన మేఘనాద్ సాహా, 1918లో కలకత్తాలో ఒక సహచరుడితో కలిసి కాంతి పీడనాన్ని కొలిచాడు. అంతకన్నా ముఖ్యమైనది ఆయన ఆలోచన. పరమాణువు ప్రతి కాంతినీ పట్టించుకోదు. తనకు సరిపడే రంగునే మింగుతుంది. కనుక ఆ రంగు కాంతి మాత్రమే దాన్ని గట్టిగా తోస్తుంది. దీన్ని వివరంగా రాసి అమెరికాలోని ఒక ఖగోళ పత్రికకు పంపితే, అచ్చుఖర్చులో కొంత భరించాలన్నారు. చిన్న జీతగాడు, భరించలేకపోయాడు. చివరకు ఆ వ్యాసం కలకత్తాలోనే, బయట పెద్దగా ఎవరూ చదవని పత్రికలో వచ్చింది. ఈ సంగతి సాహాయే తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. తనకు సరిపడే రంగు అనే ఆ మాట గుర్తుంచుకోండి. ఈ వ్యాసంలో మిగిలిన భాగమంతా దానిమీదే నడుస్తుంది.

ఇంతవరకు తోయటం. తోసి చల్లబరచటం ఎలా? ఇది వింటే ఎవరికైనా విడ్డూరంగానే వుంటుంది. కాంతి పడితే వస్తువు వేడెక్కుతుందని చంటిపిల్లకు కూడా తెలుసు.

ముందు వేడి అంటే ఏమిటో చూడాలి. వస్తువులో కణాల కదలికే వేడి. గోడకు తగిలించిన అద్దం నిశ్చలంగా వుందనుకుంటాం. అది సన్నగా, ఎడతెగకుండా వణుకుతూనే వుంటుంది. తంబుర తీగలాగా దానికి తనవైన కొన్ని స్వరాలుంటాయి, ఆ స్వరాలన్నీ గదిలోని వేడివల్ల ఎప్పుడూ కొద్దికొద్దిగా మోగుతూ వుంటాయి. చెవికి వినపడవు, అంతే. ఈ కంపనశక్తి కూడా విడి విడి మోతాదుల్లోనే వుంటుందని క్వాంటం సిద్ధాంతం చెప్తుంది. సెకనుకు పదిలక్షలసార్లు వూగే స్వరాన్ని తీసుకుంటే, మామూలు గది వేడిలో అందులో సుమారు 60 లక్షల మోతాదులుంటాయి. ఆ స్వరాన్ని చల్లబరచటమంటే ఈ మోతాదులను ఒక్కొక్కటే తీసివేయటం. మొత్తం అద్దాన్ని ఐసుపెట్టెలో పెట్టినట్టు కాదు. దాని ఒక్క కదలికను ఎంచి నెమ్మదింపజేయటం.

ఉయ్యాలబల్ల వున్న ఇళ్ళలో పెరిగినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. బల్ల వూగుతుంటే, అది పోయే దిక్కుకే తోస్తే వూపు పెరుగుతుంది. ఎదురువచ్చేటప్పుడు చెయ్యి అడ్డం పెడితే తగ్గుతుంది. తోపు ఒకటే, సమయం వేరు. కాని సెకనుకు లక్షలసార్లు వూగే అద్దానికి సమయం చూసి ఎవరు చెయ్యి అడ్డుపెడతారు?

కాంతే పెడుతుంది. దానికి కావలసింది రెండో అద్దం. పాతకాలపు హెయిర్ కటింగ్ సెలూన్‌లో ముందొక అద్దం, వెనకొక అద్దం వుండేవి. కుర్చీలో కూచుంటే నా తల వరసగా అంతులేకుండా కనబడేది; మంగలి మెడ వంచుతుంటే నేను ఆ తలలు లెక్కపెట్టేవాణ్ణి, ఏడో ఎనిమిదో దాటాక మసకబారేవి. సెలూన్ అద్దం కాంతిని కొంత తాగేస్తుంది కనుక అలా. మంచి అద్దాల మధ్య కాంతి వేలసార్లు, లక్షసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ప్రతిసారీ అద్దాన్ని తోస్తుంది. నువ్వుగింజలో నాలుగోవంతు తోపు అలా వేలరెట్లవుతుంది.

అయితే ఏ కాంతి అంటే ఆ కాంతి అక్కడ నిలవదు. రెండద్దాల మధ్య దూరంలో కాంతి అర తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమిడితేనే అది లోపల పేరుకుంటుంది. ఇమడకపోతే గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. అంటే ఆ ఖాళీకి కూడా తనకు సరిపడే రంగు ఒకటి వుంది! పరమాణువుకు ప్రకృతి ఇచ్చిన రంగును, అద్దానికి ఈ రెండద్దాల అమరిక సమకూరుస్తుంది.

ఇప్పుడు లోపలికి పంపే లేజర్ రంగును ఆ సరిపడే రంగుకన్నా కొంచెం ఎరుపువైపు పెట్టారనుకుందాం. ఎరుపుకు తరంగం పొడవెక్కువ. కనుక అద్దాల మధ్య దూరం దానికి కొంచెం చాలదు. ఒక అద్దం గట్టిగా బిగించివుంది, రెండోది వూగుతోంది. వూగే అద్దం బయటికి జరిగితే దూరం పెరిగి, సరిపడే స్థితికి దగ్గరవుతుంది. లోపల కాంతి పెరుగుతుంది. లోపలికి జరిగితే కాంతి తగ్గుతుంది. ఇక్కడ అసలు కీలకం వుంది. కాంతి పెరగటం తగ్గటం తక్షణం జరగవు. కాంతి లోపల పేరుకోవటానికీ, ఖాళీ కావటానికీ కొంత వ్యవధి పడుతుంది. చెరువు తూము తెరవగానే కాలవ నిండదు, మూయగానే ఎండదు; ఇదీ అంతే.

అందువల్ల ఏమవుతుంది? అద్దం బయటికి పోతున్నంతసేపూ లోపల కాంతి ఇంకా పూర్తిగా పేరుకోలేదు. దాని తోపు తక్కువ. అద్దం తిరిగి లోపలికి వస్తుంటే అప్పటికి పేరుకున్న కాంతి ఇంకా పోలేదు. దాని తోపు ఎక్కువ. కాంతి తోపు ఎప్పుడూ బయటివైపుకే. కనుక పోయేటప్పుడు అద్దానికి దొరికిన సాయం తక్కువ, వచ్చేటప్పుడు ఎదురైన అడ్డు ఎక్కువ. ప్రతి వూపులోనూ అద్దం దగ్గరనుంచి కొంత శక్తి కాంతికి పోతూ వుంటుంది. ఇచ్చేటప్పుడు తక్కువ తూచి, పుచ్చుకునేటప్పుడు ఎక్కువ తూచే షావుకారు లెక్క ఇది. అద్దం ఎంత వుత్సాహంగా వూగినా చివరకు దివాళా తీయవలసిందే.

లేజర్ రంగును సరిపడే రంగుకు అవతలివైపు, అంటే నీలంవైపు పెడితే లెక్క తలకిందులవుతుంది. కాంతి అద్దానికి శక్తినిస్తూ పోతుంది, వణుకు పెరిగి పెరిగి అద్దం తనంతట తనే మోగటం మొదలుపెడుతుంది.

అద్దంనుంచి తీసుకున్న శక్తిని కాంతి ఎక్కడ దాచుకుంటుంది? తన రంగులో. ఎదురువచ్చే అద్దం కాంతితరంగాన్ని కొంచెం నొక్కుతుంది; తరంగం పొట్టిదవుతుంది, కొంచెం నీలంవైపు జరుగుతుంది. లోపలికి వచ్చిన కాంతి మోతాదు, ఫోటాన్, ఒక కంపన మోతాదును మూటకట్టుకుని బయటికి పోతుంది. ఈ మాట మనకు కొత్తదేమీ కాదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ కనిపెట్టింది ఇదే. కాంతి ఒక అణువును తాకి, దాని కంపనానికి శక్తినిచ్చి ఎరుపువైపు జరగవచ్చు. లేదా దాని కంపనంనుంచి శక్తి తీసుకుని నీలంవైపు జరగవచ్చు. రామన్ దగ్గర పనిచేసిన మన సూరి భగవంతం ఈ విషయంమీద రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని 1940లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. నేను ఎమ్మెస్సీ చదివేరోజుల్లో దాని అట్ట వూడిన ప్రతి మా లైబ్రరీలో వుండేది. రెండద్దాల అమరిక చేసే పని ఏమిటంటే, ఈ రెండు దారుల్లో నీలందారికి తలుపు బార్లా తెరిచి ఎరుపుదారికి తలుపు మూసేయటం. మూటకట్టుకుని పోయేవాళ్ళే తప్ప మూట దించేవాళ్ళు వుండరు.

వేడి చల్లటివైపుకే పోవాలి గదా, అంత చల్లటిది ఏదుంది అని విద్యార్థి ఎవరైనా అడిగితే నేను సంతోషిస్తాను. రాత్రిపూట తలుపులన్నీ మూసిన గది ఎందుకు చీకటిగా వుంటుంది? గదిలో గోడలు, మంచం, మనిషి అన్నీ 300 కెల్విన్‌ల వేడిలో వున్నాయి, అయినా వెలగవు. ఇనుము ఎర్రబడాలంటే కొలిమిలో పెట్టాలి. గది వేడి, కంటికి కనబడే కాంతిని పుట్టించటానికి ఏమాత్రం చాలదు. అంటే కాంతి దృష్టిలో ఈ గది పరమశూన్యమంత చల్లటి చోటు. అద్దం తన వేడిని పారబోసేది ఆ చీకట్లోకి.

ఈ ఆలోచన మొదట నిలబెట్టినవాడు మళ్ళీ మాస్కోవాడే. లెబెదెవ్ వదిలిపోయిన ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేసిన వ్లదీమిర్ బ్రగీన్‌స్కీ (1931–2016), 1967లో మనూకిన్‌తో కలిసి, ఆలస్యంగా వచ్చే కాంతి తోపు వూగే వస్తువుకు కళ్ళెం వేస్తుందని లెక్కకట్టాడు. 1970లో మైక్రోతరంగాలతో చేసి చూపించారు. ఆయనకు కావలసింది చల్లబరచటం కాదు. గురుత్వ తరంగాలను పట్టాలంటే ఎంత చిన్న కదలికను కొలవగలమో తేల్చుకోవటం. కొలిచే సాధనమే కొలవబడే వస్తువును కదిలిస్తే ఆ కొలతకు హద్దెక్కడ? అది ఆయన ప్రశ్న.

ఆ తర్వాత చాలాకాలం ముందుకు పోయింది పరమాణువులతోనే. లేజర్‌తో వాటిని చల్లబరచవచ్చని 1975లో ప్రతిపాదనలు వచ్చాయి, 1978లో విద్యుదావేశమున్న పరమాణువులతో చేశారు, 1997లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కంటికి ఆనేంత వస్తువుకు అదే పని చేయటం ఆలస్యమైంది. 1999లో పారిస్‌లో ఒక అద్దం వణుకును కాంతితో చదివి, మరో కాంతితో ఎదురు తోసి తగ్గించారు. 2006లో వియన్నా, పారిస్, మ్యూనిక్ దగ్గరి గార్షింగ్ – ఈ మూడుచోట్లా, ఎవరూ చదవనక్కరలేకుండా, కాంతి తన ఆలస్యంతోనే వస్తువును చల్లబరిచింది.

చిట్టచివరి మోతాదుదాకా పోవటం 2011లో జరిగింది. అమెరికాలో బౌల్డర్‌లోని ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో అల్యూమినియంతో ఒక డప్పు చేశారు. 15 మైక్రోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల మందం. సెకనుకు కోటిసార్లు పైగా మోగుతుంది. వాళ్ళు వాడింది మైక్రోతరంగాలు. మైక్రోతరంగాల దృష్టిలో మామూలు గది చీకటి కాదు, అందుకని ముందు డప్పును మంచిగా చల్లబరిచే యంత్రంలో పెట్టి పరమశూన్యానికి డిగ్రీలో యాభయ్యో వంతు దూరానికి తెచ్చారు. అక్కడనుంచి తరంగాల తోపుతో సగటున 0.34 మోతాదులకు దించారు. అదే ఏడాది కాలిఫోర్నియా వాళ్ళు వియన్నా వాళ్ళతో కలిసి, సెకనుకు 368 కోట్లసార్లు వూగే సన్నటి సిలికాన్ దూలాన్ని లేజర్ కాంతితో 0.85 మోతాదులకు తెచ్చారు. ఈ పనుల్లో కొన్నిటికి అమెరికా రక్షణశాఖ పరిశోధనాసంస్థ డబ్బు పెట్టింది. ఆకాశంలో వుపగ్రహం ఆసరా లేకుండా ఓడ, క్షిపణి తమ దారి తాము తెలుసుకోవాలంటే అతి సున్నితమైన కదలిక కొలిచే సాధనాలు కావాలి. డబ్బు ఎందుకు వచ్చిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

నిజంగా చల్లబడిందని ఎలా తెలుస్తుంది? థర్మామీటరు పెట్టలేం. రామన్ చూపిన రెండు రంగులే సాక్ష్యం. వస్తువు దగ్గర ఒక్క మోతాదు కూడా లేకపోతే కాంతి తీసుకుపోయేదేమీ వుండదు, నీలంరంగు గీత మాయమవుతుంది. ఇచ్చే దారి మాత్రం ఎప్పుడూ వుంటుంది, ఎరుపు గీత మిగులుతుంది. ఆ రెండు గీతల తేడాను 2012లో కాలిఫోర్నియా బృందం కొలిచి చూపించింది.

మోతాదులన్నీ పోయాక అద్దం నిలిచిపోతుందా? లేదు. డప్పు విషయంలో, అన్నీ తీసేశాక కూడా కొన్ని ఫెమ్టోమీటర్ల కదలిక మిగులుతుంది; పరమాణు కేంద్రకం అంత. ఇది ఎవరూ తోయటంవల్ల వచ్చింది కాదు, తీసివేయటానికి వీలయింది కాదు. పదార్థం స్వభావమే అది. నా మిత్రుడికి ఇక్కడ కొంత ఒప్పుకోవాలి. క్వాంటం సిద్ధాంతంలో వింత అంతా కాంతి తోపుతో తేలిపోతుందని నేను అనను. అనేక ప్రశ్నలు ఇంకా తేలలేదు. కాని "చూస్తే మారిపోతుంది" అనే మాటకు మాత్రం జవాబు దొరికింది, అదీ నలభై కిలోల అద్దాలమీద.

అమెరికాలో లైగో అనే గురుత్వ తరంగాల వేధశాలలు రెండున్నాయి. ఒక్కొక్కదానికి నాలుగేసి కిలోమీటర్ల చేతులు రెండు, వాటి కొసల్లో వేలాడే నలభైకిలోల అద్దాలు. 2015 సెప్టెంబరు 14న మొదటిసారి గురుత్వ తరంగం తగిలినప్పుడు ఆ దూరాల్లో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పుకన్నా ఎంతో చిన్నది. ఆ ముందు సంవత్సరం లివింగ్‌స్టన్‌లోని వేధశాలలో ఒక తమాషా జరిగింది. లేజర్ బలం పెంచేసరికి అద్దం సెకనుకు పదిహేనువేలసార్ల స్వరంలో తనంతట తనే మోగటం మొదలుపెట్టి పరికరాన్ని పనిచేయనివ్వలేదు. పైన చెప్పుకున్న షావుకారు లెక్క తలకిందులైతే జరిగేదే అది. బ్రగీన్‌స్కీ, సహచరులు 2001లోనే హెచ్చరించివున్నారు. అద్దం అంచును కొంచెం వేడిచేసి దాని వంపు మార్చి ఆ స్వరాన్ని కాంతికి పొసగకుండా చేసి గట్టెక్కారు.

2020లో ఆ అద్దాలమీదే ఇంకొకటి తేలింది. కాంతి మోతాదులు వరసగా కవాతు చేస్తూ రావు. రేకులకప్పుమీద వానచినుకుల్లా ఎప్పుడెన్ని పడతాయో చెప్పలేం. ఆ చినుకుల అదురుకు నలభైకిలోల అద్దాలు వణుకుతున్నాయి. ఎంత? మీటరును 1 పక్కన 20 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. చూడటంవల్ల వస్తువు కదలటమంటే ఇదీ! రాత్రి డ్యూటీలో వున్న మనిషి తెరవైపు చూస్తున్నాడా, కునుకు తీస్తున్నాడా అనేదానితో అద్దానికి పనిలేదు. పరికరం తీసేసి కాంతిని గోడమీద పడనిచ్చినా అద్దం అంతే అదురుతుంది. కదిలించినది చిత్తం కాదు, చినుకు.

మరుసటి ఏడాది, 2021లో, అదే లైగోలో ఆ చూపునే పనిలో పెట్టారు. నాలుగద్దాల వుమ్మడి కదలికను – లెక్కలో అది పదికిలోల వస్తువుతో సమానం – కాంతితో చదివి, చదివిన మేరకు విద్యుత్ బలంతో ఎదురుతోసి, ఆ ఒక్క కదలికను గది వేడినుంచి పరమశూన్యానికి డిగ్రీలో 77 శతకోట్ల వంతుల దూరానికి దించారు. మిగిలినవి సగటున పదకొండు మోతాదులు. మన దేశంలో మహారాష్ట్రలోని హింగోళి జిల్లాలో ఇలాంటి వేధశాల కట్టటానికి 2023లో కేంద్రమంత్రివర్గం ఆమోదం ఇచ్చింది.

వియన్నాలో 2020లో ఇంకా ముచ్చటైన ప్రయోగం జరిగింది. 143 నానోమీటర్ల గాజుపూసను లేజర్ కాంతిలోనే గాలిలేని చోట తేలనిచ్చి, సగం మోతాదుకన్నా తక్కువకు తెచ్చారు. దానికి వేలాడే పోగు కూడా లేదు, పోగుగుండా వచ్చే వేడీ లేదు. ఇలాంటి పూసను ఒకేసారి రెండుచోట్ల వుండే స్థితిలో పెట్టగలిగితే, దాని గురుత్వాకర్షణ ఏ చోటునుంచి లాగుతుందో కొలవాలని చాలామంది ప్రయత్నంలో వున్నారు. ఇంకా ఎవరూ చేయలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని కవిమిత్రుడికి చూపించాను. ఓపిగ్గా చదివాడు. చిత్తం సంగతి వదిలేసి ఒకే ప్రశ్న వేశాడు: "ఇంతకీ ఆ వేడి మూటకట్టుకుని బయటికొచ్చిన కాంతి ఎక్కడికి పోయిందండీ?" ప్రయోగశాలలో ఎదురుగా ఏది వుంటే దానిమీద పడింది. పడినచోట ఆగిపోయింది. అక్కడ గోడ కాస్త వేడెక్కింది.